మా యారాలి చేతి కొలాచె

మా యారాలు పోయింది. వానలు పట్టుకున్న వారంలో, ఉదయం పూట, టీ తాగి గ్లాసు కింద పెట్టి, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. మా రెండిళ్లకీ మధ్య ఒక్క చెక్కగోడే అడ్డం. దాని మీద ఆమె కోడలు దబదబా కొట్టింది. ఆ కొట్టడంలోనే నాకు తెలిసిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను. చేయి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.

యారాలంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. మా ఆయన అన్నగారి భార్య. మిగతా చోట్ల తోడికోడలంటారు. నేను 'అప్పా' అని, అంటే అక్కా అని పిలిచేదాన్ని. మా ఆయనా పోయాడు, వాళ్లాయనా పోయాడు. మిగిలింది మేమిద్దరం, మధ్యన గోడ.

ఈ నాలుగు మాటలు మన తెలుగువాళ్ల సంఘం పుస్తకంలో వేయమని నేనే అడిగాను. నాకు అక్షరం ముక్క రాదు. గుడి బడిలో తెలుగు చెప్పే పంతులుగారు నా ఎదురుగా కూర్చుని రాస్తున్నారు. నా యాసను ఆయన దిద్దుతున్నారు, దిద్దుకోనివ్వండి. మాటను మాత్రం మార్చొద్దన్నాను. ఇది పోయినవాళ్లను పొగిడి దండ వేసే కాగితం కాదు. నా మీద ఒక నింద ఉంది. చచ్చిపోయిన తోడికోడలి పేరు నేను లాక్కుంటున్నానని మన సందులోనే అంటున్నారు. అది నెత్తిన పెట్టుకుని నేను పోను. ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్తాను. తర్వాత నేను చేసిన పని చెప్తాను. ఆపైన మీరే చెప్పండి.

ఇక్కడ బర్మాలో, చిమిండైంగ్ బజారు వెనక మా సందులోకి ఎప్పుడైనా వచ్చినవాళ్లు ఆమె చేసిన కొలాచె తినే ఉంటారు. తినని వాళ్లకు చెప్తాను. అది చెక్ దేశపు తీపి రొట్టె. అరచేయంత, గుండ్రంగా, దూదిలా ఉంటుంది. మైదా, పాలు, వెన్న, గుడ్డు పచ్చసొన కలిపి, పిండిని పొంగించి, ఉండ చేసి, మధ్యలో పల్లం నొక్కాలి. ఆ పల్లంలో తీపి పెట్టాలి. గసగసాలు నూరి పాలల్లో పంచదారతో ఉడికించిన ముద్ద ఒకటి. నిమ్మరసంతో విరగ్గొట్టిన పాల ముద్ద ఒకటి. వాళ్ల దేశంలో ఏదో నల్లపండు పాకం పెడతారట, అది ఇక్కడెక్కడ దొరుకుతుంది, మా యారాలు రేగుపళ్లు ఉడికించి గింజ తీసి పాకం పట్టేది. పైన వెన్న, పిండి, పంచదార వేళ్లతో నలిపిన పొడి చల్లి కాల్చాలి.

ఆమెకు ఇది ఎలా వచ్చిందంటే, పెళ్లికి ముందు ఒక దొరసాని ఇంట్లో గిన్నెలు కడిగేది. దొర ఏదో ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి చెక్ దేశం నుంచి వచ్చాడు. దొరసానికి బర్మా మాట రాదు, మా యారాలికి ఆమె మాట రాదు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. దొరసాని తన దేశంలో చేసినట్టే ఇక్కడా పిండి కలిపి, మీద దుప్పటి కప్పి, పొయ్యి పక్కన పెట్టిందట. అక్కడ చలి. ఇక్కడ మండువేసవి. పిండి గిన్నె దాటి, బల్ల దాటి, నేల మీదికి దిగిందట. ఇల్లంతా పులిసిన కంపు. దొరసాని పీట మీద కూర్చుని ఏడ్చిందట. మర్నాడు మా యారాలు ఎవరినీ అడగకుండా ఆ గిన్నెను ఎత్తుకుపోయి నీళ్లకుండ పక్కన తడి గోనె మీద పెట్టింది. పిండి దొంగతనం చేస్తోందనుకుని దొరసాని కేకలేస్తూ వెనకాలే వచ్చిందట. గిన్నెలో సరిగ్గా పొంగిన పిండిని చూసి, నోరు మూసుకుని, ఆమెను పక్కన నిలబెట్టుకుందట. ఆ రోజుతో గిన్నెలు కడిగే పని పోయింది, వంట పని వచ్చింది.

నేను మా అత్తవారింటికి ఏటి అవతలి తన్లిన్ నుంచి పడవలో కోడలిగా వచ్చాను. వచ్చిన మూడో రోజున ఒక కొలాచె పళ్లెంలో పెట్టి నా ముందు తోసింది. నేనప్పటికే నోటి దురుసు మనిషిని.

"ఇదేటప్పా, బూరికి పూర్ణం లోపలుంటాది, దీనికి పైకొచ్చీసింది. సిగ్గులేని బూరిలాగుంది."

"నీలాగే ఉందిలే," అంది. "లోపలేటీ దాసుకోదు. తిను."

ఆ మాటతో మా ఇద్దరికీ కుదిరింది. కుదిరిందంటే కొట్టుకోలేదని కాదు. సన్నికల్లు ఎవరి వాటా అని ఒకసారి ఏడాది పొడుగునా మాటలు మానేశాం. ఆ ఏడాదంతా కూడా కాల్చిన రోజున గోడ చెక్కల సందులోంచి రెండు కొలాచెలు కాగితంలో చుట్టి నా వైపు తోసేది. నేను మాట్లాడకుండా తీసుకుని తినేదాన్ని. ఒకసారి ఉప్పెక్కువైందని గోడకు చెప్పాను. మర్నాటికి సరిచేసింది.

ఆమె పొయ్యిని మా బావగారు రేవులో పనిచేసే రోజుల్లో పాత రేకుతో చేసిచ్చారు. రేకు పెట్టె. కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు. కరెంటు పొయ్యి కొనుక్కోమని కొడుకు ఎన్నిసార్లు అన్నా వినలేదు. ఇప్పుడు కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో మీకు తెలుసు కదా, ఆమె మాటే నెగ్గింది. పొంగించడానికి ఈస్టు బజార్లో దొరకని కాలం ఒకటి వచ్చింది. తాటికల్లు పోసి పొంగించింది. గుడికి వెళ్లే ఆడవాళ్లు ముక్కు మూసుకుని అడిగారు, "కల్లేసేవేటి ఇందులో?" అని. "నిప్పులో పడ్డాక కల్లేటి, పాలేటి," అంది. వాళ్లు రెండేసి పట్టుకెళ్లారు.

నేను పక్కన కూర్చుని తొందర చేస్తే ఒకటే మాట అనేది. "పిండిని తరమకు. అది నీ కోడలు కాదు." గసగసాలు నూరుతుంటే నా రాయి చప్పుడు విని, "ఇంకా నలగలేదు, ఇసక మోత వత్తంది," అనేది. పల్లం నొక్కేటప్పుడు అడుగు ఇంత మందం మిగలాలని చెప్పడానికి తన చెవి తమ్మె పట్టుకుని చూపించేది. నాది కూడా పట్టుకునేది. అప్పుడు దిద్దులు గుచ్చుకుంటే తిట్టేదాన్ని.

ఇక అసలు సంగతికి వస్తాను.

నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నాం. కొడుకు పనికి వెళ్లాడు. కోడలు బజార్లో బట్టల కొట్లో పొద్దున్న కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు గాని రాదు. మనవరాలు లైంగ్‌థార్యార్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో. మా యారాలు పళ్లెంలో ఉండలు పరిచింది, పల్లాలు నొక్కింది, గరిటెతో గసాల ముద్ద తీసి పెడుతోంది. పల్లంలో కాదు. రెండు ఉండల మధ్య, ఖాళీ పళ్లెంలో పెడుతోంది. ఒకటి, రెండు, మూడు, వరసగా.

"ఏటప్పా, పళ్లేనికి తినిపిత్తన్నావా?"

ఆమె చేయి ఆగిపోయింది.

"తలుపు మూసి రా," అంది.

మూసి వచ్చాను. గరిటె ఇంకా అలాగే పట్టుకుని ఉంది. "నాకు కళ్లు మసకని అందరికీ తెలుసు," అంది. "సీకటని నీకొక్కర్తికే తెలిసింది."

నేను నమ్మలేదు. ముఖం ముందు చేయి ఊపాను. "గాలేత్తంది, ఆపు," అంది. ఒక కంటికి ఎప్పుడో పోయింది, రెండో కంటికి ఆ చలికాలంలో పోయింది. నేనే బలవంతంగా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. నరం ఎండిపోయింది, ఇక రాదన్నాడు. ఇంటికొచ్చి కొడుకుతో అద్దాలు పెట్టుకోమన్నారని చెప్పింది. నా చేత ఉత్త అద్దాలు కొనిపించింది. రోజూ పొద్దున్న చీరకొంగుతో వాటిని తుడిచి, వెలుతురుకు ఎత్తి పట్టి చూసి పెట్టుకునేది. చూడ్డానికి అందులో ఏముందని నేను లోపల ఏడ్చేదాన్ని.

ఎందుకు దాచావని అడిగాను. పిచ్చిదానా అన్నట్టు నవ్వింది. "కళ్లు లేవని తెలిత్తే నిప్పు దగ్గరకి రానిత్తారేటి? పొయ్యి తీసీసి, మూల కుర్చీ ఏసి, వేళకి కంచం పెడతారు. మంచోళ్లే, అందుకే పెడతారు. నాను అలగ బతకను." తర్వాత నా మణికట్టు పట్టుకుంది. "నీకు కళ్లున్నాయి. నాకు పని వొచ్చు. ఎవులికీ సెప్పకు."

చెప్పనన్నాను. మా అత్తగారి మీద ఒట్టు వేయమంది. ఆ అత్తగారంటే మా ఇద్దరికీ పడదు, ఆమె మీద ఒట్టు పెడితే తప్పినా నష్టం లేదన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు మధ్యలోనే ఒట్టు వేశాను.

మొదట్లో పిండి తనే పిసికేది, నేను నింపేదాన్ని. కొన్నాళ్లకు మూత తీయబోయి కుడిచేయి బొగ్గుల్లో పెట్టేసింది. వేడినీళ్లు ఒలికాయని ఇంట్లో చెప్పాం. పుండు మానింది గాని వేళ్లు ముడుచుకుపోయాయి. ఎడమచేత్తో చేస్తున్నానని అందరితో అనేది. అప్పటి నుంచి పిండి కలిపింది నేను, పిసికింది నేను, పల్లం నొక్కింది నేను, నిప్పు చూసింది నేను. మూడేళ్ల పైమాట. ఆమె పక్కన పీట మీద కూర్చుని చెప్పేది. నేను పిండి తీసి ఆమె ఎడమచేతికి అందిస్తే రెండు వేళ్లతో నొక్కి, "ఇంకో గరిటెడు పాలు," అనేది. మూత కింద నుంచి వచ్చే వాసన పట్టుకుని, "వెనకాల రెండు మాడతన్నాయి, తిప్పు," అనేది. తీసి చూస్తే సరిగ్గా వెనక రెండూ ఎర్రబడి ఉండేవి.

కాల్చడం అయ్యాక నేను చేతులు కడుక్కుని గోడ ఇవతలికి వచ్చేసేదాన్ని. ఆమె అద్దాలు తుడుచుకుని, జాకెట్టు మీద ఇంత పిండి చల్లుకుని, వాకిట్లో పళ్లెం ముందు అమ్మకానికి కూర్చునేది. అడుగుల చప్పుడును బట్టే పలకరించేది. సందు మొదట్లో టీ దుకాణం నడిపే బర్మా ఆయన రోజూ వచ్చేవాడు. ఆమెను బామ్మా అని వాళ్ల మాటలో 'అఫ్వా' అని పిలిచేవాడు. "అఫ్వా, ఈ చేయి బంగారం," అనేవాడు. గోడకు ఇవతల నా గోళ్లలో ఇంకా గసాలు ఉండేవి. మీరు నన్ను చూసి జాలిపడక్కర్లేదు. నాకు ఒళ్లు మండేది, నిజమే. మర్నాడు ఆమెతో అనేసేదాన్ని కూడా. "బంగారం చెయ్యి నాది, పొగడ్త నీదీనా?" అంటే, "పొగడ్త నీకు పెడితే అరగదు," అనేది.

పోయే ముందు నెలలో ఒకరోజు నూరుతుంటే అంది. "నా పెద్దదినానికి ఆకులో గారెలు, బూరెలు ఎవులైనా పెడతారు. నివ్వు కొలాచె పెట్టు. గసాలది."

"పెడతాను. నీ ముందే నాను పోతే నివ్వెలగ పెడతావు?"

"సేసింది నివ్వని మాత్రం తెలీనియ్యకు."

నేను రాయి ఆపేశాను. "అదెలగప్పా? నాను సేత్తే రుచి అదే వత్తాది. తిన్నోళ్లకి తెలిసిపోదా?"

"రెండూ కావాలి నాకు," అంది. "ఎలగో నివ్వే సూసుకో." ఎప్పుడూ అంతే. కావలసింది చెప్పి కాళ్లు చాపుకునేది.

పెద్దదినమైన ఆ పదకొండో రోజు కోసం నేను రెండు రాత్రులు పడుకోలేదు. చేయకపోతే ఆమె ఆకు వెలితిగా పోతుంది. చేస్తే నాలుగేళ్లు ఆమె దాచుకున్నది ఊరి నోట్లో పడుతుంది. చివరికి ఇలా చేశాను. రెండు గిన్నెల్లో పిండి కలిపాను. చిన్న గిన్నెలో ఒక్క కొలాచెకు సరిపడా, ఆమె పక్కన కూర్చుని చెప్తున్నట్టే చేశాను. పెద్ద గిన్నెలో నలభై మందికి. అందులో ఉప్పు మానేశాను. పొంగి, దిగి, పుల్లబడేదాకా వదిలేశాను. గసగసాలు నూరకుండా ఉడకబెట్టాను. చేతులారా పాడు చేశాను. పంతులుగారు ఇక్కడ కలం ఆపి నన్ను చూస్తున్నారు. రాయండి బాబూ, చేతులారా పాడు చేశాను.

మంచిది ఆకులో పెట్టాం. మిగతావి వచ్చినవాళ్లకు పంచాం. ఒక్కొక్కరూ కొరకడం, నమలడం ఆపడం, పక్కవాళ్లను చూడడం. టీ దుకాణం ఆయన సగం తిని, మిగతా సగం మర్యాదగా జేబులో పెట్టుకున్నాడు. "అఫ్వా వెళ్తూ చేతిని కూడా పట్టుకుపోయింది," అన్నాడు. ఆమె కోడలి తల్లి మాత్రం ఊరుకోలేదు.

"ఇన్నేళ్లు పక్కనే కూకున్నావు కదొదినా, ఏటి నేర్సుకున్నావు? పళ్ల కింద ఇసకలాగుంది."

నా పుట్టుక పుట్టాక ఒక మాటకు బదులు చెప్పకుండా తలదించుకోవడం అదే మొదలు. వెనక గోడ మీద ఆకు పెట్టారు. కాకి వచ్చిందన్నారు. ఏది ముట్టిందో నేను చూడలేదు, తల ఎత్తితే నా ముఖం చూస్తారని. ఒక్క మనవరాలు మాత్రం ఆ పాడు రొట్టె చివరి ముక్కదాకా తినేసి, పళ్లెంలో రాలిన గసాలు వేలితో అద్దుకుని నాకింది.

అక్కడితో అయిపోతే ఈ కాగితమే లేదు. చేతకాని ముసలిదన్న పేరు మోయగలను, అంతకంటే పెద్దవే మోశాను. రెండు వారాలకు ఆ పిల్ల పని చేసే ఫ్యాక్టరీలో సగం మందిని మానిపించేశారు. అందులో తనూ ఉంది. ఇంటికొచ్చి, మామ్మ పొయ్యి మీద తనే కొలాచెలు కాలుస్తానంది. వాళ్లమ్మ అన్న మాటలు గోడ ఇవతల నాకు వినపడుతూనే ఉన్నాయి.

"ఎవులు నేర్పుతారే నీకు? మామ్మ పోయింది. సిన్న మామ్మ సేసింది తిన్నావు కదా, అది నేర్సుకుంటావేటి? సుక్రారం పాత ఇనప సామాను అతనొత్తాడు. ఆ రేకుపెట్టె ఇచ్చీత్తాను. అడ్డం."

"అమ్మా, నేను... ట్రై చేస్తానమ్మా," అంది పిల్ల. దానికి తెలుగు అర్థమవుతుంది, నోరే తిరగదు. మిగతాది బర్మాలో ఏడ్చింది.

అప్పుడు నాకు అర్థమైంది, నేను ఏం పాడు చేశానో. ఆమె పేరు కాపాడదామని ఆమె పనినే చంపేశాను. నేను నోరు విప్పకపోతే శుక్రవారం పొయ్యి పోతుంది. నేను ఇంకెన్నాళ్లుంటాను? నాతో ఆ చేయీ పోతుంది. ఒట్టు సంగతి ఆలోచించలేదని మీరు అనుకోవద్దు. గురువారం అంతా అదే ఆలోచించాను. ఆమె దాచమన్నది మూల కుర్చీలో కూర్చోబెడతారని భయపడి. ఇప్పుడు ఆమెను ఎవరు కూర్చోబెట్టగలరు? పోయాక కూడా దాచమంది, అదీ నిజమే. కాదనను. నేను మాట తప్పాను. తప్పానని నేనే ముందు చెప్తున్నాను, ఇంకెవరూ నాకు చెప్పనక్కర్లేదు.

శుక్రవారం పొద్దున్న వెళ్లి, సామాను అతను రాకముందే ఆ రేకుపెట్టె మీద కూర్చున్నాను. కోడలు కొట్టుకు బయలుదేరుతోంది. పిల్ల గుమ్మంలో ఉంది. అంతా చెప్పాను. కళ్ల సంగతి, చేతి సంగతి, పెద్దదినం నాడు నేను చేసిన పని, అంతా. యారాలి కోడలు నాకూ కోడలే, ఆమె నోరూ చిన్నది కాదు.

"ఇప్పుడొచ్చి అంతా నేనే సేశానంటావేటి చిన్నత్తా? బతికున్నప్పుడు లేని మాట. పోయినోళ్లు నోరిప్పరని వాళ్ల పేరు లాక్కుంటావా? మా అత్తకి కళ్లు లేకపోతే ఒకింట్లో ఉన్న నాకు తెలీదా?"

గుమ్మం బయట విన్నవాళ్ల నోట ఈ మాటే సందంతా పాకింది. మీ చెవిన పడింది కూడా ఇదే. అందుకే ఈ కాగితం రాయిస్తున్నాను. నేను లాక్కోలేదు. పిసికిన చేయి నాదే, అది నిజం. కాని ఎంత పాలు పోయాలో, ఎప్పుడు ఆపాలో, ఎటు తిప్పాలో చెప్పింది ఆమె. నన్ను ఒంటరిగా వదిలితే మొదటి ఏడాది నేను పది మాడ్చేదాన్ని. నాకు పేరు అక్కర్లేదు. ఆ పిల్లకు పని రావాలి. నా వాదన ఇంతే.

"నమ్మకు," అన్నాను కోడలితో. "ఈ రోజు కొట్టుకెళ్లకు. కూకుని సూడు. తిన్నాక నీ నోటికొచ్చింది అను. అప్పుడు నేనే లేచి పొయ్యి సామాను అతని బండిలో పెడతాను."

ఆమె వెళ్లలేదు. సంచి భుజాన ఉండగానే గోడకు ఆనుకుని నిలబడింది. సామాను అతను వచ్చి సందులో అరిస్తే, ఆగమని చేయి చూపించింది. నేను పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. పాలు గోరువెచ్చగా ఎంతో దాని వేలు ముంచి చెప్పాను. గసాలు దాని చేతే నూరించాను. మోత మారేదాకా ఆపనివ్వలేదు. "మామ్మా, చేయి... నొప్పి," అంది. "నొప్పెడితేనే నలుగుతున్నట్టు," అన్నాను. పిండిని తడి గోనె మీద పెట్టాం. పల్లం దాని చేతే నొక్కించాను. మొదటి రెండూ అడుగు చిరిగిపోయాయి. నేను దాని చెవి తమ్మె పట్టుకుని ఇంత మందం అని చూపించాను. మూడోది నిలిచింది.

బొగ్గులు పైనా కిందా పేర్చి మూత పెట్టాం. వాన రేకుల మీద పడుతోంది. సామాను అతను మా చూరు కింద చేరి బీడీ కాల్చుకున్నాడు. ముక్కుతో వాసన పట్టడం నేనూ నేర్చుకున్నాను గాని, తిప్పమని చెప్పే మనిషి లేకుండా పళ్లెం నిండా బాగా కాల్చడం అదే మొదటిసారి. పెద్దదినం నాడు ఆకులోదాన్ని మనుషులెవరూ కొరికి చూడలేదు, మిగతావి ఎలా వచ్చినా సరిపోయింది. ఈ రోజు మాడితే ఆ పిల్ల మాడినట్టే.

మూత తీశాను. వెనకవి రెండు కొంచెం ఎర్రబడ్డాయి. మిగతావి బాగా వచ్చాయి.

మొదటిది కోడలికే ఇచ్చాను. ఆమె ఊదుకుని, ఒక ముక్క కొరికింది. నమిలింది. చాలాసేపు మింగలేదు. నేను తిట్టు కోసం సిద్ధంగా ఉన్నాను. ఆమె సంచి భుజం మీద నుంచి జారిపోయింది, పట్టుకోలేదు. అలాగే గడప మీద కూర్చుంది.

"చిన్నత్తా," అంది. "పండక్కి నాను కొన్న సీర సూపిత్తే, దగ్గరకి రమ్మని కొంగట్టుకుని సూసింది. మెత్తగుందంది. రంగు గురించి ఒక్క మాట అనలేదు."

నేను పళ్లెంలో మిగిలినవి తీసి గుడ్డ మీద పెడుతున్నాను.

"నాతో మాటాడినప్పుడు నా పక్కకి సూసేది. కోపమనుకున్నాను. నా మొకం సూడ్డం ఇట్టం లేదనుకున్నాను." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఎన్నాళ్లు కనపళ్లేదు అత్తకి నా మొకం?"

"నాలుగేళ్లు," అన్నాను.

ఆమె ఏడవలేదు. సామాను అతన్ని వెళ్లిపొమ్మని చేయి ఊపింది. కూతురు బొగ్గుల మూత మీద చేయి వేయబోతే, "కాలుతాది, గుడ్డతో పట్టుకో," అంది. పిల్ల గుడ్డ తెచ్చుకుని, నేను చెప్పకుండానే రెండో పళ్లెం లోపలికి తోసింది.

కోడలు మాత్రం గడప మీదే ఉంది. సగం కొరికిన కొలాచె ఒళ్లో పెట్టుకుని, వాన వైపు తిరిగి, రెండు చేతుల వేళ్లతో తన ముఖాన్ని మెల్లగా తడుముకుంటోంది. నుదురు, కనుబొమలు, ముక్కు, గడ్డం. వేలు వెళ్లిన చోటల్లా పిండి అంటుకుంటోంది.